దాచుకోవడం, దాచిపెట్టడం

"మేడం, నవల రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్ బావుంటుంది?" అని ఈమధ్య ఎమ్మే రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి అడిగింది. క్లాసు అయిపోయాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. నవల రాస్తున్నానని చెప్పడానికి అంత భయపడాలా అని నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నేను అయిదేళ్ళుగా రాస్తున్న నవల మా ఇంటి లాప్‌టాప్‌లో "పాత ప్రశ్నపత్రాలు" అనే ఫోల్డర్‌లో, "ఇంటర్నల్ మార్కులు 2" అనే పేరుతో ఉంది. ఆ పేరు చూస్తే మా ఇంట్లో ఎవరూ తెరవరని నా ధైర్యం.

తర్వాత చెప్తానని ఆ అమ్మాయికి చెప్పి పంపించాను. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే ఎక్కడెక్కడికో వెళ్ళాల్సొచ్చింది. అందుకే ఈ వ్యాసం.

నేను తెలుగు టైపింగు నేర్చుకున్నది 2009లో, డిగ్రీ అయ్యాక ఎమ్మే సీటు కోసం ఎదురుచూసిన సెలవుల్లో. సూర్యాపేటలో బస్టాండు వెనక ఒక చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, దశదిన కర్మ ఆహ్వానాలు టైపు చేసేవాళ్ళు. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఆడపిల్లలే. ప్రూఫులు దిద్దేదీ, పేరు వేసుకునేదీ మాత్రం మగవాళ్ళు. రెండు నెలల్లో నాకు వేళ్ళు తిరిగాయి. ఆ వేగమే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

పీహెచ్‌డీలో చేరాక మా డిపార్ట్‌మెంటులో తెలుగు వేగంగా కొట్టగలిగేది నేనొక్కదాన్నే అని అందరికీ తెలిసిపోయింది. ఒక పెద్దాయన విమర్శ వ్యాసాల సంపుటి మొత్తం నేనే టైపు చేశాను. ఆయన చేతిరాతలో సగం వాక్యాలు మధ్యలో తెగిపోయేవి. "నువ్వే చూసి సరిచెయ్యమ్మా" అనేవారు. సరిచేశాను. వాక్యాలు అతికించాను, ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి తీసేశాను, తప్పుగా పడ్డ సంవత్సరాలు వెతికి దిద్దాను. పుస్తకం వచ్చింది. ముందుమాట చివర్లో "చక్కగా డీటీపీ చేసిన చిరంజీవికి ఆశీస్సులు" అని ఒక్క వాక్యం. పేరు కూడా లేదు. అప్పట్లో అది నాకు అవమానంగా తోచలేదు. ఆశీస్సులు దక్కాయి కదా అనుకున్నాను. ఆ ఏడాది నా సిద్ధాంత గ్రంథంలో ఒక్క అధ్యాయం కూడా ముందుకు సాగలేదని చాలా ఆలస్యంగా లెక్క తేలింది.

ఆ ముందుమాట మళ్ళీ గుర్తొచ్చింది మాథ్యూ కిర్షెన్‌బామ్ అనే పరిశోధకుడు 2016లో ప్రచురించిన "ట్రాక్ చేంజెస్" పుస్తకం చదివినప్పుడు. రచయితల చేతికి కంప్యూటర్లు ఎలా వచ్చాయో చెప్పే సాహిత్య చరిత్ర అది. వర్డ్ ప్రాసెసింగ్ యంత్రం మీద తయారైన తొలి నవల ఏదని ఆయన వెతికితే లెన్ డేటన్ అనే బ్రిటిష్ రచయిత రాసిన, 1970లో వెలువడిన "బాంబర్" తేలింది. 1968లో ఆయన లండన్‌లోని తన ఇంటికి ఐబీఎం వాళ్ళ యంత్రం తెప్పించుకున్నాడు. అయస్కాంత టేపు మీద అక్షరాలు దాచుకునే టైపురైటర్ అది. బరువు సుమారు 90 కిలోలు. ఇంట్లోకి ఎక్కించడానికి కిటికీ ఊడబీకాల్సి వచ్చిందట. ఇదంతా సరదా కథ. నన్ను పట్టుకున్నది ఇంకో విషయం. ఆ యంత్రం ముందు ఎక్కువగా కూర్చున్నది డేటన్ కాదు, ఆయన సహాయకురాలు ఎలెనార్ హ్యాండ్లీ. అంతకు ముందు ఒక్కో అధ్యాయాన్నీ పదుల సార్లు తిరిగి టైపు చేసిన మనిషి ఆమె. అసలు ఆ యంత్రం అవసరమైందే ఆమె పడుతున్న చాకిరీ వల్ల.

ఇంకొంచెం తవ్వితే మరో పేరు దొరికింది. ఎవలిన్ బెరెజిన్. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన భౌతికశాస్త్ర విద్యార్థిని, కంప్యూటర్లు రూపొందించిన ఇంజనీరు. 1969లో సొంత కంపెనీ పెట్టి, కంప్యూటర్ చిప్పులతో నడిచే తొలి వర్డ్ ప్రాసెసర్లలో ఒకదాన్ని తయారుచేసి 1971లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ యంత్రం పేరు "డేటా సెక్రెటరీ". ఆఫీసుల్లో ఒకే ఉత్తరాన్ని పదిసార్లు కొట్టే ఆడవాళ్ళ పని దానివల్ల తగ్గింది. అయినా యంత్రానికి కూడా సెక్రెటరీ అనే పేరే పెట్టాల్సి వచ్చింది. 2018లో ఆమె చనిపోయేనాటికి కూడా మనం రోజూ వాడే "కట్", "పేస్టు" వెనక ఆమె లాంటి ఆడమనిషి ఉందని నాకు తెలియదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకే తెలియదు.

కాబట్టి "రాసే సాఫ్ట్‌వేర్" అన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఎవరు రాస్తున్నారు, ఎవరు టైపు చేస్తున్నారు అనేది. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతిలోకి రావడం ఆడవాళ్ళకు చిన్న విషయం కాదు. డీటీపీ సెంటరుకు కాగితాలు పంపకుండా, ప్రూఫుల కోసం ఎవర్నీ బతిమాలకుండా, తన వాక్యాన్ని తనే ఇరవై సార్లు మార్చుకోగలగడం మన ముందు తరం రచయిత్రుల్లో చాలామందికి దక్కలేదు.

ఇక అసలు ఎంపిక సంగతి. నేనూ అన్నీ ప్రయత్నించాను.

ఇంగ్లీషు నవలాకారులు బాగా మెచ్చుకునే స్క్రివెనర్ ఒకటుంది. 2007లో మొదటిసారి వచ్చింది. కీత్ బ్లౌంట్ అనే ఆయన తన నవల రాసుకోవడానికి తగిన పనిముట్టు దొరక్క తనే తయారుచేసుకున్నాడు. ఆ పేరుకు అర్థం లేఖరి అని. ఎడమవైపు అధ్యాయాలు, దృశ్యాలు విడివిడిగా ఉంటాయి. వాటిని కార్డుల్లా బల్లమీద పరుచుకుని ముందువెనకలు మార్చుకోవచ్చు. పాత్రల వివరాలు, సేకరించిన సమాచారం, ఫొటోలు అన్నీ ఒకేచోట పెట్టుకోవచ్చు. డబ్బు కట్టేముందు 30 రోజులు ఊరికే వాడుకోనిస్తారు. నాకు ముచ్చటేసింది ఏమిటంటే ఆ 30 రోజులు వరసగా లెక్కపెట్టరు. మనం తెరిచిన రోజులే లెక్క. మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్, పాపకు పరీక్షలు, నాకు పేపర్లు దిద్దడం, వీటి మధ్య నా 30 రోజులు ఏడు నెలలు వచ్చాయి. ఆడవాళ్ళ క్యాలెండర్ తెలిసినవాళ్ళే ఈ నియమం పెట్టి ఉంటారనిపించింది.

కానీ అందులో రోజుకిన్ని పదాలు అని లక్ష్యం పెట్టుకునే సదుపాయం ఒకటుంది. దాంతోనే నాకు పేచీ వచ్చింది. 1000 అని పెట్టుకున్నాను. ఎంత రాసినా 600 దాటదు. నేను బద్ధకస్తురాలినేమో అని నెల రోజులు కుమిలిపోయాను. తర్వాత వెలిగింది. "వెళ్ళిపోవాలనుకున్నాను" అని తెలుగులో రాస్తే యంత్రం లెక్కలో అది ఒక్క పదం. అదే మాట ఇంగ్లీషులో చెప్పాలంటే కనీసం అయిదారు పదాలు కావాలి. ఇంగ్లీషు వాళ్ళ కొలబద్దతో నా కష్టాన్ని కొలుచుకుని నన్ను నేను తిట్టుకున్నాను. ఇంటిపనికి కూడా ఇదే జరుగుతుంది కదా. కొలిచే గిన్నె మనది కానప్పుడు మన పని ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది.

అక్షరాల సంగతి ఇంకా విచిత్రం. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌కు మాత్రం అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ఆరు మీటలు నొక్కితే స్త్రీ వస్తుంది. చెరపడానికి వెనక్కి నొక్కుతూ పోతే ఒక్కొక్క ముక్కా ఊడుతుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే మన అక్షరం ఒక సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో సందేశాల యాప్ కుప్పకూలిపోయింది. ప్రపంచమంతా నవ్వుకుంది. కొద్దిరోజుల్లో ఆపిల్ సరిచేసింది. జ్ఞానం అని రాస్తే తట్టుకోలేని యంత్రం గురించి ఆడవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

తెలుగులో కొట్టడానికి ఇప్పుడు దారులకు కొదవ లేదు. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వం ప్రమాణంగా తెచ్చిన అమరిక. ఎడమవైపు అచ్చులు, కుడివైపు హల్లులు. ఒక్కసారి నేర్చుకుంటే హిందీ, కన్నడం కూడా అదే వరసలో కొట్టొచ్చు. నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్ళ చేతిలో రూపుదిద్దుకుంది. 2006 ప్రాంతంలో వీవెన్ తయారుచేసిన లేఖిని దాన్ని అందరికీ చేరువ చేసింది. ఆ దారిలో తెలుగు రాయడం మొదలుపెట్టిన ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఫోనులో మాట్లాడితే అక్షరాలయ్యే సదుపాయం కూడా వచ్చింది. కూర తరుగుతూ రెండు పేరాలు చెప్పుకోవచ్చు.

అయితే ఈ సుఖంలో ఒక ముల్లుంది. నా నవలలో నాయిక మా నల్లగొండ పల్లె మనిషి. "నేన్ జెప్పిన", "పోదామని జూసిన" అంటుంది. ఫోనుకు ఆమె మాట చెప్తే "చెప్పాను", "చూశాను" అని మార్చి రాస్తుంది. ఈమధ్య రాతను మెరుగుపరుస్తామని ముందుకొచ్చే కృత్రిమ మేధ సాయాన్ని కూడా పరీక్షించాను. నాయిక మొగుణ్ణి తిట్టే పేరా ఇచ్చి అక్షరదోషాలు మాత్రమే దిద్దమన్నాను. తిట్లన్నీ తీసేసి, "ఆమె తన అసంతృప్తిని వ్యక్తం చేసింది" అని పెట్టి ఇచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాట్లేసి వచ్చిన మనిషి అసంతృప్తిని వ్యక్తం చెయ్యదు. తిడుతుంది. యాసను తప్పుగా చూపించే ఎర్రగీత కనబడగానే మన వేలు తెలియకుండానే దిద్దుబాటు వైపు పోతుంది. బడిలో పంతులు కొట్టిన బెత్తం దెబ్బ మళ్ళీ అరచేతిలో చుర్రుమంటుంది. అందుకే నేను ఆ దిద్దుబాట్లన్నీ ఆపేసుకున్నాను. ఇప్పుడు నా తప్పులు నావి.

ఇంతవరకూ రాసింది ఆ అమ్మాయికి చెప్పడానికి సరిపోయేదే. అసలు విషయం ఇంకా చెప్పలేదు.

మా అమ్మ కథలు రాసేది. ఎక్కడా అచ్చు కాలేదు, ఎవరికీ పంపలేదు. ఇంటి ఖర్చుల పుస్తకం వెనక పేజీల్లో, పాలవాడి లెక్క, చీటీ డబ్బుల లెక్క అయ్యాక, పుస్తకం తిరగేసి రాసుకునేది. మా నాయిన ఆ పుస్తకం ముందు వైపు చూస్తాడే గాని వెనక తిప్పడు. మొత్తం పదకొండు కథలు. 2012లో సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అవన్నీ కూర్చుని టైపు చేశాను. అప్పట్లో డీటీపీ వాళ్ళు వాడే ఫాంటులోనే చేశాను. నాకొచ్చింది అదే. తర్వాత ఇల్లు మారేటప్పుడు "టైపు జేసినవ్ గదా" అని అమ్మ ఆ పుస్తకాలు పాతపేపర్లతో కలిపి తూకానికి వేసేసింది.

మూడేళ్ళ కింద ఆ ఫైలు తెరిచాను. పదకొండు కథల బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. ఆ పాత ఫాంటులో తెలుగు అనేది పైకి కనబడే బొమ్మ మాత్రమే. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మా అమ్మ కథలు లేనట్టే. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు 1991 నుంచీ సొంత చోటు ఉంది. నేను టైపు చేసేనాటికి దానికి ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ సంగతి పీహెచ్‌డీ విద్యార్థినైన నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రాత్రి వంటింట్లో లైటు వెయ్యకుండా కూర్చుని ఏడ్చాను. పెద్దాయన వ్యాసాలు మాత్రం పుస్తకంగా భద్రంగా ఉన్నాయి, వాటిని కొట్టింది కూడా ఇవే వేళ్ళు.

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లు ఉన్నాయని తర్వాత తెలిసింది. పట్టుబట్టి కూర్చుంటే తొమ్మిది కథలు బయటపడ్డాయి. రెండు పూర్తిగా పాడయ్యాయి. బయటపడ్డ వాటిలో కూడా చాలాచోట్ల ఒత్తులు ఊడాయి, గుణింతాలు తారుమారయ్యాయి. కాగితాల మీద అచ్చువేసి అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని పెన్నుతో ఒక్కొక్క ఒత్తూ వేస్తూ పోయింది. నాలుగో కథ దగ్గర ఆగింది. భర్తతో గొడవపడి పుట్టింటికి పోయిన ఆడమనిషి చివరికి పిల్లల కోసం తిరిగొచ్చే కథ అది. చివరి పేరా మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఎందుకమ్మా, ఇది సరిగ్గానే వచ్చింది కదా" అన్నాను.

"అప్పుడు మీ నాయిన ఎన్నడన్న జదువుతడేమోనని అట్ల రాసిన బిడ్డా. అసలైతే ఆమె వాపస్ రాలే" అంది.

తర్వాత పక్కన ఖాళీలో మూడు వాక్యాలు రాసింది. ముప్పయ్యేళ్ళ తర్వాత ఆ కథ పూర్తయింది. పెన్ను మూతపెట్టి, "పప్పు మాడుతున్నట్టుంది జూడు" అని లేచిపోయింది.

తెలుగులో దాచుకోవడం అన్నా, దాచిపెట్టడం అన్నా ధాతువు ఒకటే. కంప్యూటర్ "సేవ్" అంటే మనం దాచుకోవడం అనుకుంటాం. మా అమ్మ కథలను దాచుకోలేదు, దాచిపెట్టింది. దాచిపెట్టే క్రమంలో కథ ముగింపునే మార్చేసుకుంది. నేను ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా, "ఇంటర్నల్ మార్కులు 2" అనే పేరు పెట్టినంతకాలం చేస్తున్నది అదే పని. మా ఇంట్లో లాప్‌టాప్ ఒక్కటే. మామయ్య వార్తలు చూస్తారు, ఆయన ఆఫీసు పని చేసుకుంటాడు, పాప బొమ్మలు గీస్తుంది. ఈమధ్య తెరిచిన ఫైళ్ళ జాబితాలో నా ఫైలు పేరు కనబడకూడదని ప్రతి రాత్రీ ఇంకో నాలుగు ఫైళ్ళు ఊరికే తెరిచి మూసేదాన్ని. నా నవలలో అత్తగారి పాత్ర ఉంది. అది మా అత్తమ్మ కాదు. కానీ ఆమె అలా అనుకుంటుందేమో అని ఆ పాత్ర నోటికి మంచిమాటలు పెట్టుకుంటూ వచ్చాను. అమ్మ గీసిన గీత చూశాక ఇంటికొచ్చి నా ఫైలు చదువుకుంటే ఆ మంచిమాటలన్నీ బొమ్మలకు కట్టిన చీరల్లా కనబడ్డాయి.

ఆ ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను, లాప్‌టాప్‌లో నాకు వేరే లాగిన్, పాస్‌వర్డ్ పెట్టుకుంటున్నానని. మామయ్య పేపరు దించి, "ఇంట్లో వాళ్ళ దగ్గర కూడా తాళాలేంటమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు అన్నారు. ఆయన నావైపు చూసి ఊరుకున్నాడు. "నవల రాస్తున్నాను మామయ్యా, పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదు" అన్నాను. అంతవరకూ ఆ మాట ఆ ఇంట్లో ఎవరితోనూ పైకి అనలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "దాన్లో నేనున్నానా?" అంది అత్తమ్మ. "లేరు అత్తమ్మా" అన్నాను. "అయితే ఉండకపోవడమే మంచిదిలే" అని పెరుగు వడ్డించింది. అది నవ్వో నిష్ఠూరమో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేను రాస్తున్నది లిబ్రెఆఫీస్‌లో. ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. అధ్యాయాల పేర్లను శీర్షికలుగా పెట్టుకుంటే పక్కన పట్టికలో కనబడతాయి, అక్కణ్ణించే ముందువెనకలు మార్చుకోవచ్చు. అక్షరాలు యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ మీద. బయట ఉన్నప్పుడు తోచింది ఫోనులో రాసి నాకు నేనే మెయిల్ చేసుకుంటాను. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మూణ్ణెల్లకోసారి కాగితాల మీద ఒక కాపీ. కాగితాల కాపీ అమ్మ బీరువాలో ఉంటుంది. కాగితానికి ఫాంటు అక్కర్లేదు.

మా విద్యార్థినికి చివరికి నాలుగు మాటలు చెప్పాను. ఏది వాడినా యూనికోడ్‌లో రాయి. ఒక కాపీ నీ ఇంటి బయట ఉంచు. నీ యాస కింద పడ్డ ఎర్రగీతను ఖాతరు చెయ్యకు. డబ్బు పెట్టి కొనేది ఏదైనా ముందు ఊరికే వాడి చూడు, నీకు నప్పితేనే కొను. ఆమె అన్నీ నోట్సు రాసుకుంది. వెళ్ళబోతుంటే ఆపి, "ఫైలుకు ఏం పేరు పెట్టావు?" అని అడిగాను. కాసేపు నేలచూపులు చూసి, "అసైన్‌మెంట్ 4" అంది.

నా ఫైలు పేరు మార్చి ఇప్పటికి నాలుగు నెలలైంది. నవలకు పెట్టాలనుకున్న పేరే ఫైలుకూ పెట్టాను. అత్తగారి పాత్ర ఉన్న మూడు అధ్యాయాలు మళ్ళీ రాస్తున్నాను. నాయిక తిరిగొస్తుందో లేదో ఇంకా నాకు తెలియదు. తెలిశాక ముందుగా అమ్మకు చదివి వినిపించాలి.